బెంజమిన్ 347 పంపు ఎయిర్ రైఫిల్: రెండు నిమిషాలు కూడా గాలి నిలవడం లేదు

ఇత్తడిగొట్టం · శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్తే. తుపాకి బెంజమిన్ 347. బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, 4.5 మి.మీ., లోపల గీతలున్న బ్యారెల్. నల్లరంగు అక్కడక్కడ లేచిపోయి కింద ఇత్తడి కనబడుతోంది. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న సరుకు.

మూడు పంపులు కొట్టి వెంటనే ట్రిగ్గర్ నొక్కితే బాగానే పేలుతోంది. అవే మూడు కొట్టి రెండు నిమిషాలు ఆగి నొక్కితే ఉత్త "టక్". పైగా పంపు మీట మూసి చెయ్యి వదిలితే దానంతటదే రెండు అంగుళాలు తెరుచుకుంటోంది. పిస్టన్ కొసన గాలిని నొక్కే కప్పు పోయిందనుకుని కిరోసిన్ స్టవ్వు పంపులో వేసే తోలు వాషర్ కొని వేశాను. గాలి పోవడంలో ఏ తేడా లేదు. తర్వాత ఏం విప్పాలి?

నల్లకుంట వెర్నియర్ · శనివారం, ఉదయం 9:25

ఏమీ విప్పకండి. ఇంకో వాషర్ కూడా కొనకండి.

గాలి నడిచే దారి చూడండి. మీట పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ కొసన ఉన్న కప్పు గాలిని నొక్కితే, ఆ గాలి ఇన్‌లెట్ వాల్వును నెట్టుకుని గాలి గదిలోకి పోతుంది. పిస్టన్ తిరుగుముఖం పట్టగానే ఇన్‌లెట్ మూసుకుంటుంది. గదికి రెండో కొసన ఎగ్జాస్ట్ వాల్వు. ట్రిగ్గర్ వదిలిన హ్యామర్ వచ్చి దాని కాడను కొడితే గాలి బ్యారెల్‌లోకి దూకుతుంది.

వెంటనే నొక్కితే బాగా పేలుతోందంటే కప్పు తన పని తాను చేస్తోంది. కప్పు అరిగిన తుపాకి మొదటి షాటే నీరసంగా కొడుతుంది, మూడో పంపుకు కూడా మీట బరువెక్కదు. మీ గాలి గదిలోకి చేరాక పోతోంది. అంటే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, లేదా వాల్వు బాడీకి గొట్టానికి మధ్యనున్న సీలు. ఈ మూడే.

రెండు ప్రశ్నలు. గాలి కొట్టేముందు బోల్టు (పెల్లెట్ పెట్టే గాడిని తెరిచి మూసే పిడి) వెనక్కి లాగుతున్నారా? మీట తెరుచుకోవడం కొత్త వాషర్ వెయ్యక ముందు కూడా ఉందా?

బాలానగర్ లేత్ · శనివారం, ఉదయం 9:50

బోల్టు ముచ్చట మంచిగ అడిగిండు అన్న. బోల్టు లాగకపోతే హ్యామర్ పోయి ఎగ్జాస్ట్ కాడ మీదనే ఆని కూసుంటది. గది ఖాళీగున్నప్పుడు వాల్వును మూసి పట్టుకునేది చిన్న స్ప్రింగే, గాలి వత్తిడి తోడు ఉండదు. అప్పుడు ఎంత కొట్టినా గాలి బ్యారెల్ దిక్కు పోతనే ఉంటది. చెడిపోయిందని తెచ్చే పంపు తుపాకులల్ల కొన్నిటికి రోగమే ఉండదు, బోల్టు లాగకుండ కొడుతుంటరు అంతే.

ఇత్తడిగొట్టం · శనివారం, ఉదయం 10:15

బోల్టు ప్రతిసారీ లాగే కొడుతున్నాను. మీట సంగతి మీరు అడిగాక గుర్తొచ్చింది: తెరుచుకోవడం వాషర్ మార్చాకే మొదలైంది. గాలి పోవడం మాత్రం ముందునుంచీ ఉంది.

నల్లకుంట వెర్నియర్ · శనివారం, ఉదయం 10:40

అయితే ఇవి రెండు వేరువేరు జబ్బులు. రెండోది మీరు తెచ్చిపెట్టుకున్నది. దాన్ని చివర్లో చూద్దాం, ముందు గాలి ఎక్కడ పోతోందో పట్టుకోండి.

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, నీళ్ళు మూడు చెంచాలు. నురగ వచ్చేదాకా గిలకొట్టి చిన్న పెయింటు బ్రష్షు తీసుకోండి. కళ్ళజోడు పెట్టుకోండి. బోల్టు తెరిచి లోపల పెల్లెట్ లేదని చూసుకోండి, మూతి ఇసుక బస్తా వైపు ఉంచండి. బోల్టు వెనక్కే ఉంచి నాలుగు పంపులు కొట్టండి. ఇప్పుడు నురగ మూడు చోట్ల:

పెల్లెట్ పెట్టే గాడిలో బుడగలొస్తే ఎగ్జాస్ట్ వాల్వు.

మీట పూర్తిగా తెరిచి, పంపు గొట్టం అడుగున ఉన్న చీలికలో బుడగలొస్తే ఇన్‌లెట్.

ట్రిగ్గర్ మీది సందుల్లోంచి వస్తే వాల్వు బాడీ సీలు.

బుడగలు కనబడకపోతే చేపల తొట్టి గొట్టం అడుగు ముక్క కోసి ఒక కొస చెవిలో, రెండో కొస అనుమానం ఉన్న చోట పెట్టండి. "స్‌స్‌" అని స్పష్టంగా వినబడుతుంది. మూతి దగ్గర మాత్రం చెవి గానీ కన్ను గానీ పెట్టొద్దు, ఖాళీ తుపాకైనా సరే. పరీక్ష అయ్యాక బోల్టు మూసి గాలి వదిలేసి, నురగ తుడిచి ఆరబెట్టండి.

పది మీటర్లు · శనివారం, ఉదయం 11:05

మధ్యలో ఒక మాట. 347 అంటే 4.5 మి.మీ. గీతల బ్యారెల్. అదే వరుసలో 342 అయితే 5.5 మి.మీ., 340 అయితే గీతల్లేని నున్నటి బోరు, బీబీ గుండ్లకు. ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్ళు దాటినా లైసెన్సు కావాలి. 342 చేతికొస్తే రిపేరు కన్నా ముందు ఆ పని చూసుకోవాలి. 5 మి.మీ. షెరిడన్ పంపు రైఫిళ్ళదీ ఇదే కథ.

పిట్టల జోలికి పోకండి, వన్యప్రాణి చట్టం 1972 ఎయిర్ గన్‌కూ వర్తిస్తుంది. కాగితం టార్గెట్టు, వెనక ఇసుక బస్తా చాలు.

ఇత్తడిగొట్టం · శనివారం, సాయంత్రం 5:30

పెల్లెట్ గాడిలో ధారగా బుడగలు. పంపు చీలికలో ఒక్కటి కూడా లేదు, ట్రిగ్గర్ దగ్గర కూడా లేదు. ఎగ్జాస్ట్ వాల్వే కదా?

బాలానగర్ లేత్ · శనివారం, సాయంత్రం 6:10

గదే. ఇప్పుడు విప్పు.

పిస్టన్ దిక్కు పోకు, వాల్వు వెనకనుంచే బయటికొస్తది. ముందు గాలంతా వదులు: బోల్టు లాగి, మూసి, పేల్చు. చప్పుడు బంద్ అయ్యేదాక రెండు మూడు సార్లు చెయ్యి. గాలి ఉన్న గది నట్టు తిప్పితే వాల్వు బాడీ తూటా లెక్క వస్తది.

చెక్క తియ్యి. వెనక మూత తీసేటప్పుడు పాత బనీను గుడ్డ కప్పు, లోపల హ్యామర్ స్ప్రింగు ఒత్తుకోని ఉంటది. బోల్టు, స్ప్రింగు, హ్యామర్ బయటికొచ్చినంక టార్చ్ కొట్టి చూడు. వాల్వును పట్టుకున్న ఇత్తడి నట్టు కనబడతది, దానికి అడ్డంగ గాడి, నడుమల వాల్వు కాడ. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే నడుమ కాడకు తాకి వంకర చేస్తది.

పానా నువ్వే చేస్కో. చెక్కకు బొక్కలు కొట్టే ఫ్లాట్ బిట్ ఒకటి కొను. కొస ముల్లు కోసేయ్. అంచులు గ్రైండ్ చేసి వెడల్పు గొట్టంల పట్టేటట్టు చెయ్యి. నడుమల 7 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు గాడి కొట్టు, కాడకు తగలకుండ. గ్రైండింగుల ఉక్కు నీలం తిరగనీయకు, మాటిమాటికి నీళ్ళల్ల ముంచు. నీలం తిరిగితే మెత్తబడి నట్టుల మెలి పడతది.

గ్యాస్ కట్టర్ · శనివారం, రాత్రి 7:20

అన్ని ఏళ్ళ నట్టు ఊరికే రాదు. చిన్న బ్లో టార్చితో ఒక నిమిషం గొట్టం వేడిచేస్తే సులువుగా తిరుగుతుంది.

నల్లకుంట వెర్నియర్ · శనివారం, రాత్రి 7:35

వద్దు! ఆ బ్యారెల్, పంపు గొట్టం ఒకదానికొకటి టంకంతో అతికినవి. ఆ మెత్తటి టంకం 200 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది. టార్చికి నిమిషం కూడా పట్టదు. బ్యారెల్ ఊడిన తుపాకిని నిటారుగా మళ్ళీ అతకడం ఇంట్లో అయ్యే పని కాదు.

ఇక్కడ పట్టుకున్నది తుప్పు కాదు, ఇత్తడికి తుప్పుండదు. ఎండి బంకైపోయిన పాత నూనె, దానికి తోడు చిలుం. రాత్రి నాలుగు చుక్కలు కిరోసినో టర్పెంటైనో వేసి నిలబెట్టండి. పొద్దున మరిగే నీళ్ళు గొట్టం బయట మీద పొయ్యండి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి టంకానికి భయం లేదు, నూనె బంక మాత్రం కరుగుతుంది.

గొట్టాన్ని నేరుగా వైసులో బిగించొద్దు, పల్చటి ఇత్తడి, కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చెక్క దిమ్మకు గొట్టం సైజు బొక్క కొట్టి, నిలువునా రెండుగా చీల్చి, లోపల తోలు పరిచి అందులో బిగించండి. దిమ్మ పైభాగంలో బ్యారెల్‌కు ఖాళీ వదలండి, దాని మీద నొక్కు పడకూడదు.

గ్యాస్ కట్టర్ · శనివారం, రాత్రి 7:50

టంకం సంగతి తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇత్తడిగొట్టం · ఆదివారం, మధ్యాహ్నం 12:45

నట్టు వచ్చింది. మొదటిసారి కదల్లేదు, మరిగే నీళ్ళు రెండోసారి పోశాక "కిర్రు" మంది. వాల్వు బాడీని గొట్టం ముందునుంచి చెక్క పుల్లతో తడితే జారింది.

ఎగ్జాస్ట్ వాల్వు ప్లాస్టిక్ ముఖం మీద గుండ్రంగా లోతైన గీత. ఒకచోట ఆ గీతలో ఇసుకరేణువంత గుంట. ఎదురుగా ఇత్తడి సీటు మీద పచ్చటి చిలుం. ఇన్‌లెట్ రబ్బరు గోటితో నొక్కితే గాజులా ఉంది, ఇంకా పగల్లేదు. బాడీ సీలు చపాతీలా అణిగిపోయింది.

నల్లకుంట వెర్నియర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:20

ఆ గుంటే మీ రెండు నిమిషాలు.

సీటు ముందు. ఇత్తడి మెత్తన, ఎమరీ ముతకది వాడితే కొత్త గీతలు పడతాయి. సీటు సైజుకు నున్నగా కోసిన చెక్క పుల్ల కొసకు 1500 నంబరు వాటర్ పేపర్ చిన్న బిళ్ళ అంటించి, వేళ్ళతో పది పదిహేను చుట్లు. తర్వాత బ్రాసోతో అంతే. మరీ వెడల్పు చెయ్యకండి, అర మిల్లీమీటరు అంచు చాలు. సీటు ఎంత సన్నంగా ఉంటే వత్తిడి అంత గట్టిగా ఒకచోట పడి మూస్తుంది. సరిపోయిందో లేదో చూడాలంటే సీడీల మీద రాసే మార్కర్‌తో సీటుకు రంగు పూసి, వాల్వు పెట్టి ఒక్క చుట్టు తిప్పండి. ప్లాస్టిక్ మీద తెగని వలయం రావాలి. ఎక్కడన్నా తెగితే గాలి అక్కడే పోతుంది.

వాల్వు ముఖం: కాడకు రాగిరేకు చుట్టి డ్రిల్ మిషన్లో మెల్లగా బిగించండి. 1000 నంబరు పేపర్‌ను గాజుపలక మీద పరిచి, తక్కువ వేగంలో ముఖాన్ని ఆనించండి. గీత పోయేదాకా అంతే. 0.2 మి.మీ. కన్నా ఎక్కువ పోతే ఆపేయండి. ముఖం తగ్గినంత మేర కాడ హ్యామర్ వైపు బయటికొస్తుంది, చివరికి హ్యామర్ దాని మీద ఆనుతుంది, మళ్ళీ లీకే. గీత అంతకన్నా లోతుంటే కొత్త ముఖం చేయించాల్సిందే.

ఇత్తడిగొట్టం · ఆదివారం, మధ్యాహ్నం 2:05

వెర్నియర్ పెట్టి చూశాను, గీత లోతు దాదాపు 0.4. కొత్తదే చేయించాలి. ఏ ప్లాస్టిక్ మంచిది? టెఫ్లాన్ రాడ్డు ముక్క ఇంట్లో ఉంది.

రాణిగంజ్ ఓరింగ్ · ఆదివారం, మధ్యాహ్నం 3:00

టెఫ్లాన్ వద్దండి. జారుడుగా ఉంటుంది, మొదటి వారం అద్భుతంగా మూస్తుంది. కానీ నిలకడ వత్తిడికి మెల్లగా పారుతుంది. గాలి నిల్వ ఉంచే వాల్వుకు అది పనికిరాని గుణం. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ తీసుకోండి, తెల్లదైనా నల్లదైనా. అది గట్టిది కాబట్టి సీటు నున్నగా లేకపోతే క్షమించదు, అది చూసుకోండి.

ఇన్‌లెట్ గాజైపోయింది అన్నారు కాబట్టి బాడీ తెరిచి ఉండగానే మార్చెయ్యండి, మళ్ళీ ఆ నట్టు ఎవరు తిప్పుతారు. దానికి పాలీయురేథేన్, 90 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత). జేసీబీ సిలిండర్లకు సీళ్ళు తిప్పే షాపులు రాణిగంజ్ చుట్టుపక్కల ఉన్నాయి, పాతది తీసుకెళ్ళి చూపిస్తే అదే కొలతకు తిప్పిస్తారు. అణిగిపోయిన పాతదాని మందం కొలిచి చెయ్యమనకండి. అది కూర్చునే గాడి లోతు కొలిచి, దానికన్నా 0.3 మి.మీ. ఎక్కువ చెప్పండి.

ఓ రింగుల విషయంలో ఒక చిక్కు. అమెరికా సామానుకు ఇంచుల సైజు రింగులు, మందం 1.78 మి.మీ. ఏఎస్568 అనే అమెరికా సైజుల వరుసలో 010 అంటే లోపలి వ్యాసం 6.07, 011 అంటే 7.65, 012 అంటే 9.25, మూడింటికీ అదే మందం. మన కౌంటర్లో అడిగితే చేతికిచ్చేది 2 మి.మీ. రింగు. చూడ్డానికి ఒకటే, గాడిలో ఎక్కువ నలిగి మొదటి బిగింపులోనే అంచు తెగుతుంది. 1.5 రింగైతే గాలి ఆపదు. వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. నైట్రిల్ రబ్బరులో 70 షోర్ కన్నా 90 మేలు, ఈ వత్తిడికి 70 రింగు సందులోకి పిండినట్టు దూరుతుంది.

బాలానగర్ లేత్ · ఆదివారం, సాయంత్రం 4:15

డెల్రిన్ ముఖం లేత్ మీద పది నిమిషాల పని. కాడకు నడుమ బొక్క కొట్టేటప్పుడు ఎగిరిందంటే ముఖం కాడకు లంబంగ రాదు, ఒక దిక్కే మూస్తది. అందుకే చెప్పాలె వానికి: ముందు కాడకు బిగించి, గప్పుడు ముఖం ఫేసింగ్ చెయ్యి, అంటే లేత్ మీద సాపుగ చెక్కు అని. ముందుగాల ముఖం చేసి తర్వాత బిగిస్తే పని ఖరాబు. చిన్న పని అని చాన మంది ఉల్టా చేస్తరు.

ఇంకోటి. స్క్రూలు పోతే ఎం5 వెయ్యకు. అమెరికా 10-32 స్క్రూ వ్యాసం 4.83 మి.మీ., పిచ్చు (ఒక మరకు ఇంకో మరకు నడుమ దూరం) 0.79. ఎం5 వ్యాసం 5, పిచ్చు 0.8. రెండు మూడు చుట్లు హాయిగ ఎక్కి, ఆడికెల్లి ఇత్తడిని కోస్కుంట పోతది.

తోలువాషర్ · ఆదివారం, రాత్రి 8:30

ఆలస్యంగా చూశానండీ. వాల్వు పని సవ్యంగానే నడుస్తోంది కాబట్టి కప్పు సంగతి చెబుతాను, ఆ స్టవ్వు వాషర్ మీద నాకు జాలేస్తోంది.

స్టవ్వు వాషర్ మెత్తటి పల్చటి తోలు. స్టవ్వు ట్యాంకులో వత్తిడి ఎంతని, ఈ తుపాకి గదిలో దానికి పదుల రెట్లు. ఆ తోలు మొదటి వారం పని చేసి, తర్వాత పెదవి వెనక్కి మడతపడుతుంది. దాని మందమూ తక్కువే, మీట తిరిగి తెరుచుకోవడానికి కారణం అక్కడే ఉందని నా అనుమానం.

తోలు కప్పు చేసుకోవాలంటే చెట్టు బెరడుతో పదును చేసిన తోలు కావాలి, చెప్పులు కుట్టేవాళ్ళు అడుగు అట్టకు వాడే రకం, 2.5 మి.మీ. మందం. నీలిబూడిద రంగు క్రోము తోలు అచ్చులో నిలవదు, ఆరగానే మళ్ళీ చదునవుతుంది. గొట్టం లోపలి వ్యాసం 19 మి.మీ. అనుకుందాం, పెదవి ఎత్తు 5. అప్పుడు బిళ్ళ 30 మి.మీ. కోయండి. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, 19 మి.మీ. బొక్క ఉన్న దిమ్మలోకి 14 మి.మీ. గుండ్రటి కడ్డీతో నొక్కి బిగించి నీడలో ఒకరోజు. ఎండలో పెడితే వంకర పోతుంది, మే నెల ఎండకు పగులుతుంది కూడా. ఆరాక పెదవి అంచు బ్లేడుతో సమం చేసి, ఆముదంలో ఒక రాత్రి.

రాణిగంజ్ ఓరింగ్ · ఆదివారం, రాత్రి 8:55

తోలు పద్ధతి చక్కగా చెప్పారు, ఆముదం దగ్గర విభేదిస్తాను. తోలుకు మంచిదే, కానీ గాలి తగిలే కొద్దీ బంకవుతుంది. పిస్టన్ నుంచి వాల్వులోకి వెళ్ళిందంటే రెండేళ్ళలో ఇన్‌లెట్ అతుక్కుపోతుంది. ఇదివరకు ఆ నట్టును పట్టేసిన బంక ఎక్కడిదనుకుంటున్నారు. అసలు ఈ రోజుల్లో పాలీయురేథేన్ కప్పు తిప్పించుకుంటే తోలు గొడవే ఉండదు కదా?

తోలువాషర్ · ఆదివారం, రాత్రి 9:10

పాలీయురేథేన్ కప్పుకు గొట్టం లోపల అద్దంలా ఉండాలి. అరిగి గీతలు పడ్డ పాత గొట్టంలో ఆ గీతల వెంటే గాలి జారుతుంది. నూనె తాగిన తోలు గీతల్లోకి ఒదుగుతుంది. గొట్టం బాగుంటే మీ మాట, గీతలుంటే నా మాట. ఆముదం మీద మాత్రం మీదే సబబు, పశువుల కొవ్వు నూనె దొరికితే అది, లేదంటే సిలికాన్ ఆయిల్. కొబ్బరినూనె ఎవరూ వెయ్యకండి, 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది, డిసెంబరులో మన ఊళ్ళో మీట కదలదు.

నల్లకుంట వెర్నియర్ · ఆదివారం, రాత్రి 9:40

నూనె ఏదైనా రెండు చుక్కలే. పిస్టన్ మీద కప్పు వెనక ఉన్న ఫెల్ట్ వలయానికి పెట్టాలి, అది తడిగా ఉంటే గొట్టాన్ని అదే తుడుస్తూ పోతుంది. డబ్బా స్ప్రేలు, పల్చటి కుట్టుమిషన్ నూనె పంపులోకి వద్దు. కడగడానికి వాడిన కిరోసిన్ కూడా పూర్తిగా ఆరాలి, మంటపుట్టే ఆవిరిని నొక్కి వేడిచేయడం మంచి ఆలోచన కాదు.

ఇత్తడిగొట్టం · బుధవారం, రాత్రి 7:15

డెల్రిన్ ముఖం, యురేథేన్ ఇన్‌లెట్, కొత్త బాడీ సీలు అన్నీ వేశాను. లేత్ దగ్గర ముందు బిగించి తర్వాత ఫేసింగ్ అని పట్టుబట్టాను, మార్కర్ వలయం తెగకుండా వచ్చింది. నట్టు చేతి బిగువు తర్వాత పావు చుట్టు తిప్పాను. నాలుగు పంపులు, నురగ: గాడిలో బుడగల్లేవు. గంట తర్వాత పేల్చితే అదే చప్పుడు.

ఇక మిగిలింది మీట. ఇప్పటికీ రెండంగుళాలు తెరుచుకుంటోంది.

నల్లకుంట వెర్నియర్ · బుధవారం, రాత్రి 8:00

ఇప్పుడు దాని వంతు. మీట పూర్తిగా మూసినప్పుడు కప్పు ముఖం వాల్వు ముఖాన్ని దాదాపు ముట్టుకోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడి గాలి గదిలోకి పోదు, నలిగి స్ప్రింగులా పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. 19 మి.మీ. బోరులో 1.5 మి.మీ. ఖాళీ అంటే 0.4 సీసీ పైనే. కొన్ని సీసీల గది ఉన్న తుపాకిలో అది చిన్న సంగతి కాదు. పంపులు పెరిగేకొద్దీ ప్రతి పంపూ తక్కువ గాలి పంపుతుంది.

ఇదే ఇన్‌లెట్ లీకు అయితే తీరు వేరుగా ఉంటుంది: మీట ఎగరదు, మెల్లమెల్లగా తోసుకొస్తూ ఉంటుంది, పట్టుకుని కూర్చున్నా తోపు ఆగదు. మీది మూసీ మూయగానే ఎగురుతోంది కదా?

కొలవడం తేలిక. గాలంతా వదిలి, మీట ఇరుసు పిన్ను తీసి పిస్టన్ బయటికి లాగండి. పిల్లలు ఆడుకునే క్లే బఠాణీ గింజంత కప్పు ముఖం మీద పెట్టి, దాని మీద పల్చటి పాలిథీన్ ముక్క. మళ్ళీ పెట్టి, పిన్ను వేసి, ఒక్కసారి మెల్లగా మూసి, తీసి, అణిగిన క్లే మందం కొలవండి.

పిస్టన్ రాడ్డుకు మరలు, లాక్ నట్టు ఉంటే పొడవు పెంచండి. లేకపోతే కప్పు వెనక ఇత్తడి రేకు షిమ్ములు, అంటే సందు నింపే పల్చటి బిళ్ళలు. అంచెలంచెలుగా, 0.3 చొప్పున. ఖాళీ సున్నా చెయ్యాలని చూడొద్దు, మీట బలవంతంగా మూస్తే ఇరుసు పిన్ను, దాని బొక్కలు సాగుతాయి. మూతపడే చివర్లో వేళ్ళకు "టిక్" అని తగిలీ తగలనట్టు ఉండాలి.

తోలువాషర్ · బుధవారం, రాత్రి 8:20

పిస్టన్ తిరిగి దూర్చేటప్పుడు కప్పు పెదవి చీలిక అంచుల మీదుగా, పిన్ను బొక్క మీదుగా వెళ్ళాలి. ఆ అంచులు కత్తుల్లా ఉంటాయి. ముందు సన్నటి ఆకురాయితో మొన పోగొట్టండి. తర్వాత కూల్‌డ్రింకు సీసా ప్లాస్టిక్ ముక్క చుట్టి గొట్టంలా చేసి అందులోంచి కప్పును జార్చండి. కొత్త కప్పులు చాలామటుకు పని చేసి అరగవు, ఇక్కడే చిరుగుతాయి.

ఇత్తడిగొట్టం · శుక్రవారం, రాత్రి 9:05

గొట్టం లోపల రెండు నిలువు గీతలున్నాయి, అందుకే తోలు కప్పే చేశాను. రెండోది కుదిరింది, మొదటిది నీడలో ఆరకముందే తీశాను, చదునైపోయింది. స్టవ్వు వాషర్‌తో క్లే మందం 1.6 ఉండింది. కొత్త కప్పు, ఒక షిమ్ముతో 0.3. మీట ఇప్పుడు మూసినచోటే ఉంటోంది.

ఐదు మీటర్ల దూరంలో టార్గెట్టు పెట్టి, పేలిన చప్పుడుకూ తగిలిన చప్పుడుకూ మధ్య సమయం ఫోన్ యాప్‌తో కొలిచి వేగం లెక్క కట్టాను. 7.9 గ్రెయిన్ల పెల్లెట్, 5 పంపులకు సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల, 8 పంపులకు 205.

పది మీటర్లు · శుక్రవారం, రాత్రి 9:30

7.9 గ్రెయిన్లంటే 0.512 గ్రాములు. 205 దగ్గర 10.8 జౌళ్ళు. ఆ బరువు పెల్లెట్ 20 జౌళ్ళు దాటాలంటే సెకనుకు 280 మీటర్లు కావాలి, కాబట్టి మీరు హద్దుకు చాలా ఇవతలే ఉన్నారు. ఎనిమిది దాటి కొట్టొద్దు. ఎక్కువైతే గది వత్తిడి వాల్వును ఎంత గట్టిగా మూసి పట్టుకుంటుందంటే హ్యామర్ దెబ్బకు తెరుచుకోదు, ట్రిగ్గర్ నొక్కితే చప్పుడే రాదు. ఎప్పుడన్నా అలా బిగుసుకుంటే బోల్టు లాగి, మళ్ళీ మళ్ళీ పేల్చుతూ పోవాలి. పానా పట్టుకోవద్దు.

గాలి కొట్టేటప్పుడు బ్యారెల్ పట్టుకోకండి, ఆ టంకం అతుకు మీద బలం పడుతుంది. చెక్క మెడ దగ్గర పట్టుకోండి. ఇత్తడి బ్యారెల్ కాబట్టి సీసం పెల్లెట్లే. ఉక్కు బీబీలు, కుచ్చు డార్టులు గీతల్ని గీకేస్తాయి. శుభ్రం చెయ్యడానికి ఇనుప గజం వద్దు, చేపలు పట్టే నైలాన్ దారానికి దూది కట్టి వెనకనుంచి ముందుకు లాగండి.

ఇత్తడిగొట్టం · శనివారం, రాత్రి 9:20

నిన్న రాత్రి మూడు పంపులు కొట్టి ఉంచాను. 24 గంటల తర్వాత ఇప్పుడే పేల్చితే 138. వెంటనే పేల్చినప్పుడు 141. దాచేటప్పుడు గాలి పూర్తిగా తీసెయ్యాలా?

బాలానగర్ లేత్ · శనివారం, రాత్రి 9:45

తియ్యకు. ఒక్క పంపు కొట్టి ఉంచు, వాల్వు సీటు మీద కూసోని ఉంటది, దుమ్ము దూరదు. పెల్లెట్ మాత్రం ఉండొద్దు, బోల్టు తెరిచి చూసి మూసి, బీరువల పెట్టి తాళమెయ్యి. నెలకోపారి తీసి ఫెల్ట్‌కు రెండు చుక్కలు. ఆ ఫ్లాట్ బిట్ పానా మీద "347" అని చెక్కి పక్కకు పెట్టు, మల్ల దొరకదు.